నిలవని మాట

"ఎర్ర గొడుగు కిటికీ దగ్గర పెట్టి, చెంబు బోర్లించి, తలుపు మూసెయ్. ఈ మాట ఆయనకు చెప్పి, మళ్ళీ ఆయనచేత చెప్పించండి," అన్నాడు డాక్టర్ సన్యాల్ బెంగాలీలో.

తాయారు భర్త వైపు తిరిగింది. ఆమె ఖరగ్‌పూర్‌లోనే పుట్టి పెరిగింది. టెక్కలి నుంచి ఉద్యోగానికి వచ్చిన చెన్నకేశవరావుకు మాత్రం బజారులో బేరమాడేంత బెంగాలీయే వచ్చు. ఈ పరీక్ష సొంత భాషలోనే జరగాలని డాక్టరు పట్టుబట్టాడు. తెలుగు నర్సు ఇంకా రాకపోవడంతో దుబాసీ పని తాయారు మీద పడింది.

"పరాకుగా ఉండకండి, సరిగ్గా వినండి," అంటూ ఆమె తెలుగులో చెప్పింది.

చెన్నకేశవరావు కళ్ళు మూసుకుని విన్నాడు.

"గొడుగు కిటికీ దగ్గరెట్టి తలుపు ముయ్యాల."

తాయారు ఆ మాట డాక్టరుకు చెప్పింది.

"మరి చెంబు?" అన్నాడు డాక్టరు.

"అవును బాబూ, చెంబు! చూసినారా? ఇంట్లోనూ ఇదే వరస," అంది తాయారు.

చెన్నకేశవరావు గూడ్సు బండి గార్డు. 1968 వానాకాలంలో, ఊళ్ళోనే ఉన్న ఝపటాపూర్ పేట నుంచి వస్తూ, దంపతులిద్దరూ రిక్షాలోంచి పడ్డారు. అతని కణతకు కుట్లు పడ్డాయి. ఆ తరువాతే తేడా మొదలైంది. టాటానగర్ బండికి వెళ్ళమని కబురు వస్తే బాలాసోర్ బండి దగ్గర నిలబడ్డాడు. ఇంకోసారి ఒక యార్డుకు బదులు మరో యార్డుకు వెళ్ళాడు. పై అధికారి నిలదీస్తే, "మర్చిపోయినాను సార్," అని తల వంచుకున్నాడు. పనికి తగినవాడని డాక్టరు దగ్గర కాగితం తెమ్మని పంపారు.

"డ్యూటీ దిగి పడుకుంటారు. స్టేషన్ కబురొస్తే నేనే లేపి చెప్తాను," అంది తాయారు. "పాత సంగతులు అడగండి, పొల్లు పోకుండా చెప్తారు. ఇప్పుడు చెప్పినదే నిలవదు."

"మీకు దెబ్బలేమీ తగల్లేదా?"

"తల బొప్పి కట్టినాది. నాలుగు రోజులకి తగ్గిపోనాది."

డాక్టరు ఇంకో రెండు వాక్యాలు చెప్పాడు. రెండుసార్లూ మధ్యలో ముక్క జారిపోయింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలాడు.

"విన్న మాట మెదడులో కాసేపు తిరుగుతుందమ్మా. ఫోన్ నంబరు విని తిప్పేదాకా లోపల అనుకుంటూ ఉంటామే, అలాగ. ఎడమవైపు ఆ చోటు దెబ్బతింటే మనిషి మామూలుగానే ఉంటాడు. మాట బాగుంటుంది, తెలివి బాగుంటుంది. విన్నది మాత్రం చివరిదాకా నిలవదు. అది ఆయన తప్పు కాదు. కానీ రైలు మీద ఉంచమని నేను రాయలేను."

తాయారుకు ఏడుపు ఆగలేదు. "బండి లేకపోతే ఈ మనిషి బతకరు బాబూ," అంటూ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

అప్పుడే నర్సు స్వర్ణకుమారి వచ్చింది.

"సంతకం చేసేముందు నువ్వొకసారి చూడు," అని డాక్టరు ఆమెకు కొత్త వాక్యం చెప్పాడు.

ఆమె చెన్నకేశవరావు ఎదురుగా కూర్చుని తెలుగులో చెప్పింది. "నల్ల చెప్పులు మంచం కింద తోసి, దీపం తగ్గించి, పెరట్లో దుప్పటి తీసి, పిల్లికి పాలు పొయ్యి."

అతను కాసేపు తటపటాయించాడు. ఆమె మళ్ళీ చెప్పకపోయినా అతను మొత్తం అప్పజెప్పాడు.

"నల్ల చెప్పులు మంచం కింద తోసి, దీపం తగ్గించి, పెరట్లో దుప్పటి తీసి, పిల్లికి పాలు పొయ్యి."

స్వర్ణకుమారి తల ఊపడం చూసి డాక్టరు కలం కింద పెట్టాడు.

"ఇంత బాగా చెప్పినారు కదా! మరి ఇందాక అలాగెందుకు చెప్పినారండీ?" అని అడిగింది ఆమె.

చెన్నకేశవరావు వరండా వైపు చూసి గొంతు తగ్గించాడు.

"ఇందాక తాయారు చెప్పినంతే చెప్పినానమ్మా."