దుంగలోంచి వచ్చిన గొంతు

"గువ్వా గువ్వా గూడెక్కడే, గాలికి చెప్పకు జాడెక్కడో..." ఇది మా చిన్నప్పటి పాట. తర్వాతి చరణం ఎంత తలుచుకున్నా గుర్తుకు రావడం లేదు. ఈ కథ మాత్రం గుర్తుంది.

ఒక ముసలి కౌజుపిట్ట తన మనవరాళ్లకు రోజూ పాఠం చెప్పేది. "కొత్తవాళ్లకి గూడు జాడ చెప్పొద్దు." పిల్లలు తడుముకోకుండా అప్పజెప్పేవి.

పొదల పక్కన పొడవాటి బోలు దుంగ ఒకటి పడి ఉండేది. ఏం చిత్రమో, ఆ కొసన మాట్లాడితే ఈ కొసన వినపడేది. మాట్లాడేదెవరో మాత్రం కనపడేది కాదు.

ఒకనాడు పెద్ద మనవరాలు మచ్చరెక్క వచ్చి, "అమ్మమ్మా, దుంగలోంచి ఎవరో నా పేరడిగారే," అంది.

"అసలు నువ్వక్కడికి ఎందుకు తగలడ్డావే?" అంటూ అమ్మమ్మ అందరి ముందూ దాన్ని నెత్తురొచ్చేలా పొడిచింది. ఆ తర్వాత ఏ పిల్లా దుంగ ఊసెత్తలేదు. పాఠం వంటబట్టిందని ముసలిది మురిసిపోయింది, పాపం.

చిన్నది చిట్టితోక దుంగ దగ్గరికి వెళ్తూనే ఉంది. "నేనూ నీలాంటి పిల్లనే. మా అమ్మమ్మా ఊరికే పొడుస్తుంది," అనేది అవతలి గొంతు. ఐదో రోజున, "మీ ఇంటికొచ్చి ఆడుకుంటా, ఎక్కడుంటారు?" అంది. చిట్టితోక సంబరంగా తమ గూడున్న రేగుపొద జాడ చెప్పింది.

వచ్చింది ముంగిస.

అమ్మమ్మ అరుచుకుంటూ వచ్చేసరికి అది పారిపోయింది గానీ, చిట్టితోక మెడ అప్పటికే వాలిపోయింది.

"కొత్తవాళ్లకి చెప్పొద్దన్నాను కదే తల్లీ!"

"అది కొత్తది కాదమ్మమ్మా, నా నేస్తం," అంది చిట్టితోక కొన ఊపిరితో. " నీకు చెబుదామనే అనుకున్నా. ఆరోజు అక్కని పొడిచావుగా, భయమేసింది."