ముప్పై సంతకాలు

ముప్పై గళ్లలోనూ ఒక్క ఊపున సంతకాలు గీకేసి, కార్డును బల్ల మీదికి నెట్టాడు తండ్రి. కొడుకు దాన్ని ముట్టుకోలేదు.

"చెయ్యని ప్రార్థనకి సంతకమేంటి నాన్నా?" అని బ్యాగులోంచి ఇంకో కార్డు తీశాడు.

సెలవులకి వచ్చిన పిల్లలు ఇంటి సుఖంలో పడి దేవుణ్ణి మరిచిపోకుండా, రోజూ పెద్దవాళ్లతో కూర్చుని వాక్యం చదివి ప్రార్థన చెయ్యాలట. ఆ తర్వాతే పెద్దవాళ్లు ఆ రోజు గడిలో సంతకం పెట్టాలట. కాలేజీ ఫెలోషిప్ వాళ్ల పద్ధతి అదేనన్నాడు కొడుకు. ప్రార్థన ఒకరోజు తండ్రి వంతు, ఒకరోజు తన వంతు అని కూడా అన్నాడు.

తండ్రి ఇరకాటంలో పడ్డాడు. ఆయన కార్ల సీట్లకి కవర్లు కుట్టే మనిషి. భార్య పోయిన ఈ ఏడు నెలల్లో ఏడుపు రాలేదు, కోపం రాలేదు, ఆకలి కూడా సరిగ్గా వెయ్యలేదు. ఆదివారం చర్చిలో అందరితో లేచి, అందరితో కూర్చుని వచ్చేవాడు, అంతే. ఈ సంగతి బయటపడితే తన పుణ్యమా అని పిల్లాడి విశ్వాసం కూడా మంట గలుస్తుంది. దానికి మాత్రం భయపడ్డాడు.

అందుకని నటన మొదలుపెట్టాడు. తన వంతు వచ్చిన రోజు, పొద్దున్నే పనికి వెళ్లేముందు వంటింటి బల్ల దగ్గర కూర్చుని, ఏళ్ల తరబడి భార్య నోట విన్న మాటలే అప్పజెప్పేవాడు. ఈ దినాన్ని బట్టి స్తోత్రం ప్రభువా అంటూనే, పెద్ద కత్తెర ఎక్కడ పెట్టానా అని ఆలోచించేవాడు. కొడుకు ఆమేన్ అని పెన్ను అందించేవాడు.

పదకొండో రోజు "ప్రభువా" అన్నాక ఇంకో మాట రాలేదు. కొళాయి కింద గిన్నె నిండి పొర్లింది. కొడుకు లేచి, కొళాయి కట్టేసి వచ్చి కూర్చున్నాడు. చాలాసేపటికి వాడే ఆమేన్ అన్నాడు.

"నేనేం చెప్పలేదు కదరా, సంతకం ఎలా పెట్టను?"

"కూర్చున్నావు కదా నాన్నా. పెట్టు."

ఇరవై తొమ్మిదో రోజు ఆయన, "ప్రభువా, ఆవిడ లేదు. నాకేమీ తెలియడం లేదు," అన్నాడు. అంతే ప్రార్థన. పిల్లాడి ముందు ఇవేం మాటలని పని దగ్గరికి వెళ్లేదాకా తనని తాను తిట్టుకున్నాడు. ఆ మధ్యాహ్నం క్యారేజీ మొత్తం ఖాళీ చేశాడు. ఆ సంగతి తనే గమనించలేదు.

కాలేజీ తెరిచారు. కొడుకు కార్డును బల్ల మీదే వదిలేసి వెళ్లిపోయాడు. వీడి మతిమరుపు తగలెయ్య అనుకుని, వాడు పదిమందిలో మాట పడకూడదని తండ్రి ఒక పూట సెలవు పెట్టి బస్సెక్కాడు. ఫెలోషిప్ గదిలో, దాన్ని నడిపే లెక్చరరమ్మ కుర్చీలు సర్దుతోంది. వందనాలు చెప్పి, తను ఎవరి తండ్రో చెప్పుకుని, మావాడు మర్చిపోయాడండీ అని కార్డు ఇచ్చాడు. ఆవిడ అటూ ఇటూ తిప్పి చూసి, మేము ఎవరికీ ఇలాంటి కార్డులు ఇవ్వలేదండీ అంది.

తండ్రి కార్డు వెనక్కి తీసుకుని ముప్పై గళ్లూ చూశాడు. కాసేపటికి సంగతి బోధపడింది. వెధవ, సొంతంగా తయారుచేసుకున్నాడన్నమాట. ఎంత భక్తి లేకపోతే ఆ పని చేస్తాడు? ఇన్ని నెలల తర్వాత ఆయనకి సంతోషం లాంటిది వేసింది.

"నా వల్ల వాడి విశ్వాసం చెడలేదు, అది చాలమ్మా," అన్నాడు. "ఇకమీదట మీరే కనిపెట్టుకుని ఉండాలి."

లెక్చరరమ్మ మళ్లీ ఎత్తిన కుర్చీని కింద పెట్టింది.

"మీకు తెలుసనుకున్నానండీ. దేవుడి మీద నమ్మకం పోయిందని చెప్పి, మీవాడు ఇటు రావడం మానేసి రెండేళ్లయింది."