చివర నిలబడేవాళ్ళు

"ఇది గూడ వద్దంకుల్. దీంట్ల ఇద్దరు పట్టరు."

ఆ అమ్మాయి మూడో కెమెరాను కంటి దగ్గరి నుంచి దించి అద్దాల బల్ల మీద పెట్టింది. జగిత్యాలలో ఈ రోజుల్లో రీలు కెమెరా అడిగే మనిషి కనపడడమే గగనం. అలాంటిది, కోరుట్లలో చదువుకుంటున్నానని చెప్పి పొద్దున్నే బస్సు దిగి వచ్చిన ఇరవై ఏళ్ళ పిల్ల ఒక్కోదానికి ఒక్కో వంక పెడుతుంటే దేవేందర్‌కు విసుగు రాలేదు సరికదా, సంబరమే అయింది. కడుపు నింపేవి పెళ్ళి ఫోటోలే అయినా, అతని ప్రాణమంతా పాత కెమెరాల మీదే.

"గిది చూడు బిడ్డా. జూమ్ ఎంత పొడుగో! గుట్ట మీద నిలబడ్డోని మీసం గూడ కనబడతది."

"మీసాలతోని నాకేం పని? ఇరుకు రూముల తియ్యాలె. నడుమ మగ్గం. ఆ దిక్కొకలు, ఈ దిక్కొకలు. ఇద్దరు పడాలె."

"గుంట మగ్గమా? అయితే ఎన్కకు జరగనీకె నాలుగడుగుల జాగ గూడ ఉండది."

ఆ సంగతి దేవేందర్‌కు ఒకరు చెప్పనక్కర్లేదు. అతను పుట్టి పెరిగింది అలాంటి గదిలోనే. దాన్ని చూసి మాత్రం చాలా ఏళ్ళయింది. బీరువా అడుగున తువ్వాలలో చుట్టి దాచుకున్న చిన్న కెమెరాను బయటికి తీశాడు. అరచేతిలో ఇమిడిపోయేంత ఉంది.

"ఇరవై ఎనిమిది నుంచి డెబ్బై దాక జూమ్. ఇరవై ఎనిమిదిల పెడితే రూమంత పడతది. అమ్మొద్దనుకున్న గానీ, నీ అక్కర చూస్తే ఇయ్యబుద్ధి అయితుంది. ఇంతకు, ఫోన్ల తియ్యరాదా?"

"ఫోన్ల ఇద్దరిని పక్కపక్కకు అతికిచ్చి చూపెట్టిన. మా ముసలామెకు చూపు మసక. అయినా పట్టేసింది."

"ఎట్ల?"

"ఇద్దరు నవ్వుతున్నరని."

దేవేందర్ పకపకా నవ్వాడు. పిల్ల నవ్వలేదు.

"రీలైతే దగా ఉండదంటది. కడిగినంక ఎండకు పట్టి చూస్కుంటదట. చూపు ఇంక ఎన్నో రోజులు నిలువదన్నడు డాక్టర్. గా లోపట ఆ ఇద్దరిని ఒక్క ఫోటోల చూడాలని ఒకటే పట్టు."

"ఎవరు బిడ్డా ఆ ఇద్దరు?"

"ఒకలు మా బాపు. ఇంకొకాయనకు మా బాపుకు మాటల్లేవు. ఏండ్లయింది."

"అయ్యో!" అన్నాడు దేవేందర్. ముసలామె మీద జాలేసింది. రీలు వేసి, కెమెరా ఆ పిల్ల చేతిలో పెట్టి, తాను పోయి గోడ పక్కన నిలబడ్డాడు.

"కనబడుతున్ననా?"

"ఒక చివరకున్నరు."

"గదే చెప్తున్న. గిసొంటి వెడల్పు లెన్సుల చివర నిలబడ్డోళ్ళు సాగి కనబడతరు. మూతులు వంకరపోతయి. ఇప్పుడు తెలువది, కడిగినంక తెలుస్తది. ఇద్దరిని ఒక్కడుగు నడుమకు జరుగుమను."

"జరగరు. నువ్వు ముందంటే నువ్వు ముందని అట్లనే నిలబడ్డరు."

"గంత మొండి ఘటాలా! ఇద్దర్ల పెద్దోడెవరు?"

"ఆ ఇంకొకాయన. మీ ఈడే ఉంటది."

దేవేందర్‌కు ఒళ్ళు మండింది.

"అయితే పెద్దోడే జరగాలె! ముసలామె కండ్లు పోయినంక ఆ పౌరుషం ఎవలికి చూపెడతడట? ఒక్కడుగేస్తే కాళ్ళిరుగుతయా? నేనన్ననని చెప్పు."

"మీరన్నరని చెప్పాల్నా?"

"చెప్పు బిడ్డా, భయమేంది? మొఖం మీదనే చెప్పు."

క్లిక్‌మంది కెమెరా. ఆ పిల్ల దాన్ని మెల్లగా దించింది. కళ్ళలో నీళ్ళు తిరుగుతున్నాయి.

"ఆ అడుగు నువ్వే ఎయ్యాలె, పెద్దబాపు."