సద్ది తెచ్చిన పిల్ల

మీ పిల్లల బడి యూనిఫాం గుడ్డ ఎవరు నేశారో మీరెన్నడూ అడగలేదు. అడగకపోవడమే మీ నేరం.

సిరిసిల్లలో ఆ గుడ్డ నేసే ఒక మరమగ్గాల షెడ్డుకు కార్మిక శాఖ అధికారి తనిఖీకి వచ్చాడు.

"బాపుకు సద్ది తెచ్చిన సార్," అంది పన్నెండేళ్ల లాస్య, షెడ్డు యజమాని సేటు నేర్పినట్టే.

అంతలో పోగు తెగింది. ఆ పిల్ల ఆలోచించకుండానే మగ్గం ఆపి, ముడివేసి, మళ్లీ నడిపింది.

"సద్ది తెచ్చెటి పిల్లకు గీ పని ఎట్లచ్చిందే?" అధికారి నవ్వాడు.

"తప్పైంది సార్," అన్నాడు పక్క మగ్గం నడుపుతున్న తండ్రి.

"తప్పు నీది గాదు బాపూ. సార్, నేను చెప్త, రాసుకోండ్రి:

సేటు మీద కేసు పెట్టుండ్రి.

నన్ను బడికి తోలుండ్రి.

బాపుకు కూలి పెంచుండ్రి.

మీరు అచ్చే ముందుగాల సేటుకు ఫోన్ చేసి చెప్పుడు బంద్ పెట్టుండ్రి."