బ్రేకు మాట

హొన్నూరమ్మకు కావలసింది నిజం చెప్పే మెకానిక్కు ఒక్కడు. బళ్ళారి జిల్లాలో అంతకంటే ఇనుపరాయి తవ్వుకోవడం సులువు.

తమ్ముడు దుర్గేశ్ తను నడిపే మినీ లారీలో ఆమె ఆటోను ఎక్కించుకుని ఊరూరా తిప్పుతున్నాడు. ఆటో ఇంజను స్టార్టు కావడం లేదు. అయినా ఆమె ఇంజను ఊసెత్తదు. ఎక్కడ ఆగినా ఒకటే మాట.

"అన్నా, బ్రేకొకటి చూడు. బాగుండాదో, పోయిండాదో నిజం చెప్పు, సాలు."

బళ్ళారిలో మొదటి మెకానిక్కు ఆటోను లారీ మీద నుంచి దించనైనా దించలేదు. "హోయ్తక్కా, పోయిందక్కా! బ్రేకు పూర్తిగా పోయిండాది" అన్నాడు.

హొన్నూరమ్మ ముఖం విప్పారింది. "నిజంగానా అన్నా?"

"నిజంగానే. క్లచ్చు పోయిండాది. గేర్‌బాక్సు పోయిండాది. మీ ఆయప్ప యాడ? పిలువు, మాట్లాడతా."

"ఆయప్ప రాడన్నా."

విప్పారిన ముఖం అంతలోనే వాడిపోయింది. అడిగినవీ అడగనివీ అన్నీ పోయాయనే నోటిని ఎవరు నమ్ముతారు?

సిరుగుప్పలో ఇంకొకడు. చెవి దగ్గర ఫోను తీయకుండానే పెడలును ఒక తొక్కు తొక్కి, "బ్రేకు లేదు, ఏమీ లేదు, పాత సామాన్లకు ఏసేయ్" అన్నాడు. మెకానిక్కు నోట 'బాగుంది' అనే మాట వినాలంటే పూర్వజన్మ సుకృతం ఉండాలి కాబోలు!

దుర్గేశ్‌కు విసుగొచ్చింది. "ఇద్దరూ పోయిందనే అన్నారు గదక్కా. ఇంగేం గావాల్ల? ఆ మాటే అంబికకు చెప్పు."

"వాళ్లు సైకిలు తీస్కపోయినా గేర్‌బాక్సు పోయిందంటారు రా. నా బిడ్డకు నేను చెప్పేది నిజమై ఉండాల్ల."

అంబిక ఆమె కూతురు. రోజూ తల్లి గడప తొక్కగానే అడుగుతుంది, బ్రేకు సంగతి తేలిందా అని.

తెక్కలకోట బస్టాండు వెనక పంపన్న షెడ్డు. బాగున్న బండిని బాగుందని చెప్పి పంపేస్తాడని, అందుకే ఆ షెడ్డు రేకులు ఇంకా తుప్పు రేకులేనని జనం నవ్వుకుంటారు.

పంపన్న ఆటోను కిందికి దింపించాడు. మూడు చక్రాలూ విప్పాడు. డ్రమ్ములకు పట్టిన ఒండ్రును గోటితో గీకి చూశాడు. అన్నీ తుడిచి, బిగించి, పెడలు తొక్కి పట్టుకుని, దుర్గేశ్‌ను వెనక నుంచి తోయమన్నాడు. బండి కదల్లేదు.

"బ్రేకులకు ఏమీ కాలేదమ్మా. లైనింగులు కొత్తవి. తొక్కితే ఆడికాడే నిలబడుతాది. నాకేమీ ఇయ్యొద్దు, తీస్కపో."

నిజం చెప్పే మనిషి దొరికాడు. హొన్నూరమ్మ గ్రీజు అంటిన అతని చేతులు గట్టిగా పట్టుకుంది.

"ఇంగొకసారి చూడన్నా. యాడన్నా రవ్వంత లోపం ఉంటాది. నీ కాళ్లు పట్టుకుంటా."

"లేనిది యాడ్నుంచి తెచ్చేది తల్లీ? బాగుండాదంటే అందరూ నవ్వుకుంటా పోతారు. నువ్వేంది, ఏడుస్తాండావు?"

దుర్గేశ్ ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

కాలువలోంచి ఆ ఆటోతో పాటు భర్త యల్లేష్‌ను పైకి తీసిన నాటి నుంచీ, "మీ నాయన కావాలని పోలేదు బిడ్డా, బ్రేకు పడలే" అని హొన్నూరమ్మ అంబికకు చెబుతూ వచ్చిన మాట ఆ సాయంత్రం అబద్ధమైపోయింది.