సద్దవ్వ సొరంగం

సొరంగం మూతికి నాలుగో వరుస ఇటుక పడేసరికి యమున రెండడుగులు వెనక్కి వేసింది. చంకలోని పాపను ఇంకాస్త దగ్గరికి అదుముకుంది.

"పట్టపగలే గిట్ల వణుకుతున్నవేంది బిడ్డా?" అంది పక్కింటి కనకవ్వ.

"పాప ఫికరే అవ్వా. దీనికేమన్న అయితే నేను బతుక."

కనకవ్వ తల ఊపింది. ఆ బొగ్గుగని క్వార్టర్లలో పసిపిల్లల తల్లులందరిదీ అదే భయం.

ఒకప్పుడు బొగ్గు వ్యాగన్లు గుట్టను తొలిచిన ఆ సొరంగంలోంచే పోయేవి. నేలను పైనుంచే తవ్వే ఓపెన్‌కాస్టు గని వచ్చాక లైను మూసేశారు. పట్టాలు పీక్కుపోయారు. అవతలి మూతి మట్టికుప్పల కింద పూడిపోయింది. ఇవతలిది మాత్రం క్వార్టర్ల వెనక నోరు తెరుచుకుని ఉండిపోయింది.

లైను నడిచే రోజుల్లో ఒకామె, చంకలో పిల్ల, చేతిలో సద్దిగిన్నెతో, మొగుడి డ్యూటీకి అడ్డదారి అని లోపలికి నడిచిందట. ఎదురుగా బొగ్గుబండి వచ్చింది. సద్దిగిన్నె దొరికింది కానీ పిల్ల దొరకలేదంటారు. అప్పటి నుంచి ఆమె సద్దవ్వ దయ్యమై ఆ సొరంగంలోనే తిరుగుతోందట. మొగవాళ్లు కూడా అటు పోరు.

మధ్యలో కొన్నేళ్లు జనం ఆమెను దాదాపు మరిచిపోయారు. ఏడాదిన్నర కింద సొరంగంలోంచి ఏడుపు వినబడి ఆ భయం మళ్లీ మొదలైంది.

"చెవులార విన్న ఎల్లేశం," కనకవ్వ గోడ కడుతున్న మేస్త్రీతో అంది. "మొన్న మంగళారం, ఫస్టు షిఫ్టు విడిచినంక. పసిపిల్ల ఏడుపు. తల్లి నోరు మూసినట్టు టక్కున ఆగింది."

"షిఫ్టు విడిచినంకనే ఎందుకు? దయ్యాలకు గూడ హాజరు మస్టరున్నదా అవ్వా?"

"నవ్వకు. ఈ వారం మాపటీలి, పోయిన వారం పొద్దుగాల. షిఫ్టు మారితే దాని యాళ్ల గూడ మారుతది. చచ్చినా మొగని షిఫ్టు మరువలేదు, పాపం."

గోడ ఆలోచన యమున భర్త ఉపేందర్‌ది. ఇల్లిల్లూ తిరిగి అందరినీ ఒప్పించాడు. జ్యోతినగర్ కరెంటు ప్లాంటు దగ్గర్నుంచి బూడిద ఇటుకలు ట్రాలీలో తెప్పించాడు. ఆదివారం సెలవైనా పొద్దున్నుంచి తనే సిమెంటు మాలు కలిపి అందిస్తున్నాడు.

"మా ఆమె నిద్రల గూడ ఉలికిపడుతున్నది. అన్నం ముట్టది, పిల్లను కిందికి దించది. నేను చూడలేకపోతున్న," అన్నాడు అందరూ వినేలా.

"మొగడంటే గట్ల ఉండాలె," అంది కనకవ్వ.

ఆరో వరుస పడింది. యమున ఇక ఆగలేకపోయింది.

"మూయకు ఎల్లేశం కాకా. దాని జాగ మూస్తే అది ఇండ్లల్లకు వస్తది."

ఎల్లేశం చేతిలో తాపీ ఆగింది. ఇద్దరు ముగ్గురు ఆడవాళ్లు మొహాలు చూసుకున్నారు. అందరి చూపూ ఉపేందర్ మీదికి మళ్లింది.

అతను నవ్వాడు. "ఇంట్ల నేనుంట గద యమునా. ఇంకేం భయం?"

అందరూ తేలిగ్గా నవ్వేశారు. తాపీ మళ్లీ కదిలింది.

"చిన్న సందన్న ఉంచు కాకా."

"దయ్యానికి తలుపు వెట్టియ్యాల్నా బిడ్డా?" అన్నాడు ఎల్లేశం. మళ్లీ నవ్వులు.

ఎల్లేశం గనిలో మందు పేల్చే పని చేసి రిటైరైన మనిషి. పేల్చే ముందు అరిచే అలవాటు ఇంకా పోలేదు. సాయంత్రం చివరి వరుస పెట్టే ముందు, మిగిలిన సందులోకి తల పెట్టి గట్టిగా అరిచాడు.

"లోపట ఎవలన్న ఉన్నరా?"

మూడుసార్లు అరిచాడు. మూడుసార్లూ అతని గొంతే తిరిగి వచ్చింది.

"ఎవలు లేరు," అని చివరి ఇటుక నొక్కాడు.

కొబ్బరికాయ కొట్టారు. కనకవ్వ పసుపు నీళ్లు చల్లింది. జనం ఒక్కొక్కరే ఇళ్లకు మళ్లారు.

ఉపేందర్ చేతులు కడుక్కుని వచ్చి పాప కోసం చేతులు చాచాడు. పాప మొహం తిప్పుకుని తల్లి మెడలో తల దాచుకుంది.

"ఇగ నీ భయం పోయినట్టే. పా, ఇంటికి పోదాం," అన్నాడతను మెత్తగా.

యమున కదలలేదు. సిమెంటు ఇంకా ఆరని ఆ గోడను చూస్తూ నిలబడింది.

ఏడాదిన్నరగా ఉపేందర్ షిఫ్టు దిగి, తాగొచ్చి, బెల్టు తీసిన ప్రతిసారీ పాపను ఎత్తుకుని ఆమె పరుగెత్తి దాక్కున్నది ఆ సొరంగంలోనే.