ఎర్రగుడ్డలో డిస్కు

డిస్కు కిందపడిన చప్పుడు మగ్గాల మోతలో ఎవరికీ వినపడలేదు. నవతకు మాత్రం గుండెలోనే పడినట్టు వినపడింది.

పెద్ద ఎత్తు నుంచి కూడా కాదు. దేవుడి గూట్లోంచి తీసి బల్ల మీద పెట్టబోతుంటే చేయి జారింది. వెంటనే కంప్యూటర్‌కు తగిలించింది. నీలం దీపం వెలిగింది. లోపల టక్, టక్‌మని శబ్దం. తెర మీద ఏమీ రాలేదు. వైరు మార్చింది, పక్క కంప్యూటర్‌కు పెట్టింది. అదే టక్, టక్.

సూరత్‌లో, ఉధ్నాలోని ఒక మగ్గాల కార్ఖానాలో చీరల డిజైన్లు గీసే గది అది. గదికి పెద్ద రాజలింగం మాస్టర్. ఇరవై ఏళ్లుగా దించుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ ఆయన ఆ ఒక్క హార్డ్ డిస్కులోనే దాచాడు. డిజైన్ గీసేవి, గీసినదాన్ని మగ్గానికి అర్థమయ్యేలా మార్చేవి, అన్నీ కలిపి నలభై ఒక్క సెటప్పులు. వాటిలో కొన్నింటిని తయారుచేసిన కంపెనీలే ఇప్పుడు లేవు, మళ్లీ దించుకుందామంటే వెబ్‌సైట్లూ లేవు. దసరాకు మగ్గం నాడెతో పాటు డిస్కుకూ పూజ చేసి, ఎర్రగుడ్డలో కట్టి గూట్లో పెడతాడు. "దాన్ని ముట్టినోళ్ల చెయ్యి ఇరగ్గొడ్త" అన్నది ఆయన చెప్పిన మొదటి పాఠం. రెండో పాఠం చెప్పాల్సిన అవసరం ఎవరితోనూ రాలేదు.

ఆయన పూచీ మీదే కార్ఖానా యజమాని గోపాల్ సేఠ్ మూడు నెలల కింద నవతను పనిలో పెట్టుకున్నాడు. ఒక్కటే కాపీ ఉంటే ఎప్పటికైనా ముప్పేనని ఆమె కంప్యూటర్ కోర్సులో నేర్చుకుంది. మాస్టర్ చుట్టాల పెళ్లికని బార్డోలీ పోయిన మూడు రోజుల్లో ఇంకో కాపీ తీసి, వచ్చాక చూపించి మెప్పు పొందుదామనుకుంది. ముడి మీద కుంకుమ పొరలు పొరలుగా ఎండి పెళ్లలు కట్టింది. ముడి విప్పుతుంటే అది రాలినప్పుడైనా ఆగాల్సింది. తిన్నగా ఉండలేకపోయానని తలబాదుకుంది.

సాయంత్రం గోడాదరాకు పరుగెత్తింది. వేరే కార్ఖానాలో డిజైనర్‌గా చేసే రవీంద్ర ఇల్లు అక్కడే.

"అన్నా, నీ దగ్గర పాత సెటప్పులు ఏమేమున్నయి? జర ఎవ్వలకు చెప్పకు."

"ఏమైందే? గట్ల వణుకుతున్నవ్?"

"రాజలింగం కాకా డిస్కు పడగొట్టిన. తెరుచుకుంటలేదు."

రవీంద్ర మొహం మాడిపోయింది. "ఇగ అయిపోయినవ్ పో. కాకా పానమంత గండ్లనే ఉంటది."

"తెలిసే వచ్చిన అన్నా. నా నౌకరి పోతే పోనీ, నన్ను పెట్టించినందుకు కాకా ఇజ్జత్ గూడ పోతది."

రవీంద్ర తన కంప్యూటర్ తెరిచాడు. వెతికి వెతికి ఒకచోట ఆగాడు.

"గీ పాత మగ్గాల సెటప్పు పోయినేడు మీ కాకా గూడ అడిగిండు. అప్పుడు నా దగ్గర లేకుండె."

ఉన్నదానికే ఇంకో తోడు వెతికేంత జాగ్రత్త మనిషి! నవతకు భయం ఇంకాస్త పెరిగింది.

మాస్టర్ నోటుబుక్కులో నలభై ఒక్క పేర్లూ వరసగా ఉన్నాయి. అదే రకం డిస్కు కొన్నది. తెలిసిన డిజైనర్లందరి గడపలూ తొక్కి ఒక్కో సెటప్పూ తెచ్చింది, వైరస్ లేదని చూసుకుంది, దేనికి పనికొస్తుందో పేరు పెట్టి ఫోల్డర్లుగా సర్దింది. ముప్పై తొమ్మిది దొరికాయి. రెండు ఎంత తిరిగినా దొరకలేదు. కొత్త డిస్కును ఎర్రగుడ్డలో కట్టి కుంకుమ పెట్టింది. ముడి మాత్రం పాతదానిలా రాలేదు.

సోమవారం మాస్టర్ వచ్చేసరికి గదిలోని పెద్ద కంప్యూటర్ చచ్చి కూర్చుంది. సేఠ్ అప్పటికే కొత్తది తెప్పించాడు. అందులో సాఫ్ట్‌వేర్లు వేసి, కొత్త డిజైను ఎక్కిస్తే గానీ ఇరవై నాలుగు మగ్గాలూ తిరగవు.

"మాస్టర్, చౌబీస్ మషీన్ బంద్ హై. సెటప్ నికాలో, జల్దీ!"

రాజలింగం మొహం తెల్లబోయింది. "సేఠ్, ఆజ్ అమాస్ హై. కల్ కరేంగే" అని అమావాస్య పేరు చెప్పి రేపటికి జరపబోయాడు.

"అమాస్ మేరే గ్రాహక్ కో సమ్ఝావ్! అభీ డాలో, మేరే సామ్నే!" తన కళ్లముందే ఎక్కించాలని సేఠ్ అక్కడే నిలబడ్డాడు.

మాస్టర్ గూట్లోంచి మూట తీశాడు. ఏసీ గదిలో ఆయన నుదుటి మీద చెమట పట్టింది. ముడి విప్పబోయి ఆగాడు. దాన్నే చూశాడు, తర్వాత నవత వైపు చూశాడు. నవత తల వంచుకుంది. కనిపెట్టేశాడు. సేఠ్ ముందే అడుగుతాడనుకుంది.

ఆయన ముడి విప్పాడు. వైరు తగిలించి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. పెదవులు ఏదో గొణుగుతున్నాయి.

తెర మీద ఫోల్డర్లు వరసగా తెరుచుకున్నాయి.

"బస్! చాలూ కరో" అని పని మొదలుపెట్టమని చెప్పి సేఠ్ వెళ్లిపోయాడు.

మాస్టర్ కళ్లు తెరిచి, తెరను చూసి, కుర్చీలో కూలబడ్డాడు.

"ఇవన్ని ఏడికెల్లి వచ్చినయ్?"

నవత ఏడ్చేసింది. "నేనే తెచ్చిన కాకా. గిది వేరే డిస్కు. నకలు తీద్దామని నీది ముట్టిన, చెయ్యి జారింది. నీ డిస్కును నేనే సంపిన. రెండు సెటప్పులు దొరకనే లేవు. నన్ను ఎల్లగొట్టు, గని నా మీద కోపం పెట్టుకోకు."

మాస్టర్ లేచి తలుపు దగ్గరికి వేశాడు. కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"అది మూడేండ్ల కిందనే సచ్చింది, బిడ్డా."